రోగనిరోధక శక్తిని ‘పెంచే’ వ్యాపారం

కిరాణా కొట్టులో ఏ డబ్బా తిరగేసి చూసినా ఈ రోజుల్లో ‘ఇమ్యూనిటీ బూస్టర్’ అన్న ముద్ర కనిపిస్తోంది. తేనె సీసా మీద అదే, పసుపు పొట్లం మీద అదే, పిల్లల పాలలో కలిపే పొడి డబ్బా మీద అదే. మందుల దుకాణాల్లోనయితే వీటికి ప్రత్యేకంగా ఒక అర కేటాయించి ఉంటోంది. 2020లో కోవిడ్ భయం ఊరూరా వ్యాపించినపుడు మొదలయిన ఈ ఊపు వ్యాధి తగ్గుముఖం పట్టాక కూడా తగ్గలేదు. రోగనిరోధక శక్తిని పెంచుకోండి అని ప్రకటనలు చెబుతున్నాయి, టీవీ చర్చల్లో చెబుతున్నారు. విచారించవలసిన సంగతి ఏమిటంటే, కొందరు వైద్యులు కూడా మందుల చీటీ చివరి వరుసలో ఒక ‘బూస్టర్’ రాసి అదే మాట చెబుతున్నారు.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. రోగనిరోధక శక్తిని ‘పెంచడం’ అనే మాటకు శాస్త్రంలో అర్థం లేదు. లోకంలో అర్థం లేని మాటలు చాలా ఉన్నాయి, వాటన్నిటితో మనకు పేచీ ఎందుకు? కానీ ఈ మాటను నమ్మి వేసుకోవలసిన మందులు మానేసినవారిని, కాలేయం చెడగొట్టుకున్నవారిని, కీళ్ళు వంకరపోయినవారిని వైద్యులు చూస్తున్నారు. అందువలన దీనితో పేచీ పెట్టుకోక తప్పదు.

ఒక వస్తువును పెంచాలంటే ముందు దానికి ఒక కొలత ఉండాలి. రక్తంలో హీమోగ్లోబిన్ ఎంత ఉందో కొలవవచ్చు; ఇనుము లోపం వలన తగ్గితే ఇనుము ఇచ్చి పెంచవచ్చు. రోగనిరోధక శక్తి ఇంత అని ఒక్క అంకెలో చెప్పే రక్తపరీక్ష ఏ ప్రయోగశాలలోనూ లేదు. తెల్లకణాల సంఖ్యే ఆ శక్తి అనుకుందామా? లుకేమియా రోగికి తెల్లకణాలు లక్షల్లో ఉండవచ్చు, అయినా చిన్న న్యుమోనియాకు తట్టుకోలేడు. రక్తంలోని ప్రతిరక్షకాలు అనుకుందామా? వాటి సంగతి కుష్ఠువ్యాధి దగ్గర చెబుతాను. మన దేహరక్షణ కణాల మధ్య రాత్రింబవళ్ళు సాగే సంభాషణ మీద ఆధారపడి ఉంటుంది. ఆ సంభాషణలో కబుర్లు మోసేవి సైటోకైన్లు అనే చిన్న ప్రోటీన్లు. వాటిని వినే చెవులు కణాల పైన ఉండే గ్రాహకాలు.

పొలంలో కాలికి తుమ్మముల్లు దిగిందనుకోండి. దానితో పాటు బాక్టీరియాలు లోపలికి పోతాయి. చర్మం అడుగున కాపలా ఉండే భక్షక కణాలు వాటిని గుర్తుపట్టి కొద్దిసేపటిలోనే సైటోకైన్లను విడుదల చేస్తాయి. వాటిలో టి.ఎన్.ఎఫ్. అనేది దగ్గరి రక్తనాళాల గోడలను సడలించి దారి ఇస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-8 రక్తంలో పోతున్న న్యూట్రోఫిల్ కణాలను ఆ చోటికి పిలుస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 మెదడులోని ఉష్ణ నియంత్రణ కేంద్రం దాకా కబురు చేర్చి జ్వరం తెప్పిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయాన్ని కూడా తట్టి లేపి సి.ఆర్.పి. అనే ప్రోటీనును తయారు చేయిస్తుంది. కోవిడ్ కాలంలో ఆ పరీక్ష పేరు ఇంటింటా వినిపించింది, గుర్తుండే ఉంటుంది. కాలు ఎర్రబడి, వాచి, వేడెక్కి, సలపరించడమంతా ఈ కబుర్ల ఫలితమే. ముల్లు చేసిన గాయం ఆవగింజంత. ఆ రాత్రి నిద్ర పట్టనీయనిది మన రక్షణ వ్యవస్థ.

ప్రకటనలవారు ఇక్కడితో కథ ఆపేస్తారు. అసలు కథ దీని తరువాతే ఉంది. దాడికి పిలుపునిచ్చిన ఆ భక్షక కణాలే కొన్ని గంటలు తిరిగేలోగా దాడి ఆపమని చెప్పే ఇంటర్‌ల్యూకిన్-10ను కూడా విడుదల చేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-1 కూర్చోవలసిన గ్రాహకంలో తాను పోయి కూర్చుని, ఏ కబురూ చెప్పకుండా చోటు మాత్రం ఆక్రమించుకునే ఒక విరోధి ప్రోటీను తయారవుతుంది. టి.ఎన్.ఎఫ్. గ్రాహకాలు కొన్ని కణాల పైనుంచి తెగి రక్తంలోకి జారి, అక్కడ తిరుగుతున్న టి.ఎన్.ఎఫ్.ను పట్టి ఉంచుతాయి. కబురు విన్న కణం లోపల సయితం, ఆ కబురు పుట్టించిన సంకేతమే సాక్స్ అనే ప్రోటీన్లను తయారు చేయించి తనను తాను అణచుకుంటుంది. పూరింట్లో పొయ్యి వెలిగించే ఇల్లాలు పక్కన నీళ్ళబిందె పెట్టుకున్నట్లుగా, నిప్పూ నీరూ ఒకే చోట సిద్ధమవుతాయి. మరి మీరు డబ్బు పోసి కొన్న పొడి వీటిలో దేనిని పెంచుతుంది? నిప్పునా, నీటినా? రెండింటినీ పెంచితే జరిగేది ఏమీ ఉండదు. ఒకదానినే పెంచితే ప్రమాదం. డబ్బా మీద ఆ వివరం ఎక్కడా ఉండదు.

ఈ విజ్ఞానం నిన్న మొన్నటిది కాదు. 1957లో లండన్ మిల్ హిల్‌లోని పరిశోధనాలయంలో ఐజక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇంటర్‌ఫెరాన్‌ను కనుగొన్నారు. వైరస్ సోకిన కణం పొరుగు కణాలను హెచ్చరించడానికి వెలువరించే ప్రోటీను అది. ఇంటర్‌ల్యూకిన్ అనే పేరు 1979లో ఖాయమయింది. నేడు వాటి సంఖ్య నలభై దాకా ఉంది. ఇన్నింటికీ విడివిడిగా గ్రాహకాలు ఉన్నాయి, కొన్నింటికి ఉమ్మడి భాగాలూ ఉన్నాయి. ఊళ్ళో దండోరా వేస్తే విన్నవాడే కదులుతాడు. ఎవరికి వినపడాలి, ఎప్పుడు వినపడాలి అన్నది గ్రాహకం నిర్ణయిస్తుంది.

ఇంటర్‌ల్యూకిన్-2 సంగతి చూడండి. ఇది టి కణాలను వృద్ధి చేసే సైటోకైను. ‘శక్తి పెంచేది’ అంటూ ఏదయినా ఉంటే ముందుగా దీనినే చెప్పుకోవాలి. దీని గ్రాహకంలో మూడు భాగాలు ఉంటాయి. విశ్రాంతిగా ఉన్న టి కణం మీద మూడవ భాగం ఉండదు, అందువలన దానికి ఈ కబురు సరిగా వినపడదు. తనకు సరిపోయిన సూక్ష్మజీవి ఎదురుపడిన కణం మాత్రమే మూడవ భాగాన్ని తయారు చేసుకుంటుంది. అప్పుడు దాని వినికిడి సుమారు వంద రెట్లు పెరుగుతుంది. పక్కనే ఉన్న లక్షల కణాలు నిద్రలోనే ఉంటాయి. అవి అలా నిద్రపోవడం వల్లనే మనం బతికి ఉన్నాము. ఇంకొక విశేషం ఉంది. దాడి చేసే కణాలను అదుపులో పెట్టే నియంత్రక టి కణాలు అనే ఒక తెగ ఉంది. వాటి మీద ఈ మూడవ భాగం ఎల్లవేళలా ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-2 కొద్దిగా ఉన్నపుడు ముందుగా అందుకునేది ఈ కాపరులే. 1993లో ఇంటర్‌ల్యూకిన్-2 పూర్తిగా లేని ఎలుకలను పరిశీలించినపుడు వాటి రక్షణ బలహీనంగా ఉంటుందని సహజంగా ఎవరయినా అనుకుంటారు. తీరా చూస్తే ఆ ఎలుకలకు పేగుల్లో తీవ్రమయిన తాప ప్రక్రియ ఏర్పడింది, వాటి కణాలు సొంత ఎర్రకణాలనే చంపాయి. ఒకే కబురు ఒకరి చెవిలో ‘కదలండి’ అని, మరొకరి చెవిలో ‘ఆపండి’ అని వినపడుతుంది. దీనిని ఒక చెంచా పొడితో ‘పెంచుతాము’ అనేవారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

గ్రాహకం లోపిస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు రెండు వైపులా ఉన్నాయి. అమెరికాలోని టెక్సాస్‌లో 1971లో పుట్టి, 1984లో మరణించేదాకా దాదాపు జీవితమంతా ప్లాస్టిక్ గుడారంలో గడిపిన బాలుని కథ చాలామంది చదివే ఉంటారు. ఇంటర్‌ల్యూకిన్-2తో పాటు మరి కొన్ని సైటోకైన్ల గ్రాహకాలకు ఉమ్మడిగా ఉండే గామా భాగం లోపించడం వలన వచ్చే వ్యాధి అది. దానికి కారణమయిన జన్యువు 1993లో తెలిసింది. రెండవ వైపు, ఇంటర్‌ల్యూకిన్-10 గ్రాహకం లోపంతో పుట్టే పసిపిల్లలు ఉన్నారు. ఈ లోపాన్ని 2009లో వర్ణించారు. ఈ పిల్లలకు పుట్టిన కొద్ది నెలల్లోనే పేగులనిండా పుండ్లు, మలద్వారం చుట్టూ నాళవ్రణాలు వస్తాయి. దాడి చేసే కణాలకు లోటు లేదు. ఆపమన్న మాట వినే చెవి లేదు, అంతే. ఆ తల్లి ఎవరి మాటయినా విని బిడ్డకు ‘బూస్టర్’ పోస్తే ఏమనాలి?

ఇంత దూరం వెళ్ళనవసరం లేదు. మన జిల్లాల్లో పని చేసిన ప్రభుత్వ వైద్యులకు ఈ పాఠం కుష్ఠువ్యాధి నేర్పింది. ఒకే బాక్టీరియా ఇద్దరు మనుషుల్లో రెండు వ్యాధులుగా కనిపిస్తుంది. ట్యూబర్క్యులాయిడ్ రకంలో ఒకటి రెండు స్పర్శ లేని మచ్చలు ఉంటాయి, మచ్చల్లో వెదికినా సూక్ష్మజీవులు దొరకవు. లెప్రోమేటస్ రకంలో ముఖం మందమవుతుంది, చెవితమ్మెలు ఉబ్బుతాయి, చర్మం నిండా కోట్లకొలది సూక్ష్మజీవులు ఉంటాయి. 1991లో ఈ రెండు రకాల మచ్చల్లోని సైటోకైన్లను పరీక్షించారు. మొదటి రకంలో ఇంటర్‌ల్యూకిన్-2, ఇంటర్‌ఫెరాన్ గామా అధికంగా ఉన్నాయి. రెండవ రకంలో ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-10 అధికంగా ఉన్నాయి. ఇంటర్‌ఫెరాన్ గామా కబురు అందిన భక్షక కణం తాను మింగిన సూక్ష్మజీవిని చంపగలుగుతుంది. అందనిది దానిని కడుపులో పెట్టుకుని పోషిస్తుంది. ఇందాక దాటవేసిన ప్రతిరక్షకాల సంగతి ఇప్పుడు చెబుతాను. లెప్రోమేటస్ రోగి రక్తంలో ఆ సూక్ష్మజీవికి ఎదురుగా ప్రతిరక్షకాలు దండిగా ఉంటాయి. వాటివల్ల ప్రయోజనం శూన్యం, ఎందుకంటే సూక్ష్మజీవి కణం లోపల దాగి ఉంటుంది. ఈ రోగికి రోగనిరోధక శక్తి ఎక్కువ ఉన్నట్లా, తక్కువ ఉన్నట్లా? ప్రశ్నే తప్పు.

అంతకంటె ముఖ్యమయినది ‘రియాక్షన్’. 1982 నుండి బహుళ ఔషధ చికిత్స వచ్చింది, వ్యాధి నయం కాసాగింది. అయితే మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకో నెలలకో కొందరిలో మచ్చలు ఉన్నట్లుండి ఎర్రబడి ఉబ్బుతాయి, మోచేతి దగ్గర నరం తాడులా మందమై ముట్టుకోనివ్వదు. సరిగా గమనించకపోతే కొద్ది రోజుల్లోనే వేళ్ళు ముడుచుకుపోతాయి, పాదం జారిపోతుంది, కన్ను మూసుకోదు. వ్యాధి తిరగబెట్టిందని రోగి భయపడి మందులు మానేస్తాడు. నిజానికి జరిగింది ఏమిటి? అప్పటిదాకా మందకొడిగా ఉన్న టి కణాలు మేల్కొన్నాయి. ఇంటర్‌ఫెరాన్ గామా, టి.ఎన్.ఎఫ్. పెరిగాయి. ప్రకటనల భాషలో చెప్పాలంటే రోగనిరోధక శక్తి ‘పెరిగింది’. అది పెరిగిన చోట నరం ఉంది, నరం చచ్చిపోయింది. ఆ రోజుల్లో మేము చేసిన చికిత్స, ఈనాటికీ చేసే చికిత్స, ప్రెడ్నిసొలోన్ ఇచ్చి ఆ శక్తిని నెలల తరబడి అణచి ఉంచడమే, సూక్ష్మజీవిని చంపే మందులు ఆపకుండానే. నేను పనిచేసిన తాలూకా ఆసుపత్రిలో బుధవారం నాడు వరుసలో కూర్చునే ఆ మనుషుల చేతులు చూసినవారెవరూ ‘ఇమ్యూనిటీ పెంచుదాం’ అని తేలికగా అనలేరు. హెచ్.ఐ.వి. రోగుల్లోనూ ఇదే చూశాము. మందులతో టి కణాలు కోలుకోగానే, అంతవరకు నిశ్శబ్దంగా ఉన్న క్షయ ఒక్కసారిగా గడ్డలు కట్టి జ్వరంతో పైకి లేచేది.

రోగనిరోధక చర్యను నిజంగా ఉద్రేకపరచే మందులు వైద్యంలో లేకపోలేదు. అవి ఎటువంటివో తెలుసుకుంటే డబ్బా మీది మాట ఎంత తేలికదో తెలుస్తుంది. 2006 మార్చి 13న లండన్ నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో ఆరుగురు ఆరోగ్యవంతులయిన యువకులకు టి.జి.ఎన్.1412 అనే కొత్త మందు ఇచ్చారు. టి కణాల పైన ఉండే సి.డి.28 గ్రాహకాన్ని నేరుగా తట్టి లేపే ప్రతిరక్షకం అది. జంతువుల్లో ప్రమాదం లేదని తేలిన మోతాదులో అయిదు వందల వంతు మాత్రమే ఇచ్చారు. గంటన్నర గడిచేసరికి ఆరుగురికీ తలనొప్పి, చలి, వాంతులు మొదలయ్యాయి. ఆ తరువాత రక్తపీడనం పడిపోయింది, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బ తిన్నాయి. రక్తంలో టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ఫెరాన్ గామా వంటి సైటోకైన్లు ఉప్పెనలా పెరిగాయి. ఇంటెన్సివ్ కేర్ వలన అందరూ బతికారు. ఒకరు కాలివేళ్ళను, చేతివేళ్ళ కొనలను పోగొట్టుకున్నారు. ఇంటర్‌ల్యూకిన్-2ను మూత్రపిండాల క్యాన్సరుకు 1992లో అమెరికాలో ఆమోదించారు. పెద్ద మోతాదులో ఇచ్చినపుడు రక్తనాళాలు కారిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, కనుక రోగిని అనుక్షణం కనిపెట్టి ఉండాలి. హెపటైటిస్-సికి మాత్రలు రాకముందు ఇంటర్‌ఫెరాన్ సూదిమందు నెలల తరబడి ఇచ్చేవారము. ప్రతి సూదికీ జ్వరం, ఒళ్ళునొప్పులు. కొందరికి థైరాయిడ్ చెడేది, కొందరు తీవ్రమయిన దిగులులో పడేవారు. జలుబు చేసినపుడు ఒళ్ళు విరుచుకుపడే బాధ చాలావరకు మన సొంత ఇంటర్‌ఫెరాన్ పెట్టేదే. రోగనిరోధక శక్తిని నిజంగా ‘పెంచే’ పొడి ఉంటే, అది తాగిన మనిషి హాయిగా ఉండడు, దుప్పటి కప్పుకుని పడుకుంటాడు.

కోవిడ్ మనకు నేర్పినది కాలజ్ఞానం. వైరస్ ప్రవేశించిన తొలి రోజుల్లో ఇంటర్‌ఫెరాన్ చురుకుగా ఉండాలి. 2020లో ప్రాణాపాయ స్థితిలో ఉన్న 987 మంది కోవిడ్ రోగులను పరీక్షిస్తే, 101 మంది రక్తంలో తమ ఇంటర్‌ఫెరాన్‌ను తామే నిర్వీర్యం చేసుకునే ప్రతిరక్షకాలు కనిపించాయి. రెండవ వారంలో పరిస్థితి తారుమారవుతుంది. అప్పుడు చంపేది వైరస్ కంటె ఎక్కువగా అదుపు తప్పిన తాప ప్రక్రియ. బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధనలో, వెంటిలేటర్ మీద ఉన్నవారికి రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ ఇస్తే మరణాలు 41.4 శాతం నుండి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే తీసుకుంటున్నవారిలో 26.2 నుండి 23.3కి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మేలు కనపడలేదు. మందు ఇవ్వనివారిలో 14 శాతం, ఇచ్చినవారిలో 17.8 శాతం మరణించారు. మందు అదే, మోతాదు అదే, వేళ మారింది. తరువాత ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్ని మూసివేసే టోసిలిజుమాబ్ కూడా తాప ప్రక్రియ హెచ్చుగా ఉన్నవారికి మేలు చేసింది. అంటే ప్రపంచమంతటా ప్రాణాలు నిలిపిన వైద్యం రోగనిరోధక చర్యను తగ్గించినదే. అదే సమయంలో మన టీవీల్లో దానిని పెంచే చిట్కాలు చెబుతున్నారు. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ సయితం 2020లో ‘ఇమ్యూనిటీ పెంచే’ పద్ధతులంటూ కషాయాలు, లేహ్యాలు సూచించింది.

అయితే స్టెరాయిడ్ పక్షం వహిస్తున్నానని ఎవరూ భ్రమపడవద్దు. ‘పెంచుదాం’ అనే మూఢత్వానికి కవలసోదరి ‘జ్వరం అనగానే ఒక డెక్సా సూది’ అనే మూఢత్వం. 2021 వేసవిలో తొలి రోజునే స్టెరాయిడ్ మొదలుపెట్టినవారు, అదుపులో లేని మధుమేహానికి తోడు వారాల తరబడి వాడినవారు ఎందరో. ఆ సంవత్సరం జులై నాటికి దేశంలో 45,000కు పైగా మ్యూకార్మైకోసిస్ కేసులు నమోదయ్యాయని పార్లమెంటులో ప్రకటించారు. కళ్ళు, దవడలు తీసివేయవలసి వచ్చిన ఆ బూజు వ్యాధిని జనం మరచిపోయినట్లున్నారు. కీళ్ళవాతానికి టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే మందులు వచ్చినపుడు కూడా ఇలాంటి పాఠమే ఎదురయింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో 70 మందికి క్షయ బయటపడిందని 2001లో నివేదిక వచ్చింది. ఊపిరితిత్తుల్లో క్షయ సూక్ష్మజీవులను గోడ కట్టి బంధించి ఉంచేది టి.ఎన్.ఎఫ్.; దానిని తీసివేస్తే గోడ కూలుతుంది. అందుకే ఇప్పుడు ఆ మందు ఇచ్చే ముందు నిద్రాణ క్షయకు పరీక్ష చేస్తారు. ఒక సైటోకైనును ముట్టుకునే ముందు వైద్యుడు ఇన్ని చూడాలి.

ఇక తిప్పతీగ. పల్లెల్లో పెద్దలు ఎరిగిన మొక్క, దాని మీద నాకు కోపం లేదు. 2020లో దానిని ఇంటింటా రోజూ తాగే మందుగా మార్చారు. ముంబయి వైద్యులు 2021లో ఆరుగురు రోగుల గురించి ప్రచురించారు. తిప్పతీగ వాడిన తరువాత వారికి కామెర్లతో కాలేయం దెబ్బ తిన్నది, రక్షణ వ్యవస్థ సొంత కాలేయం మీద దాడి చేసే లక్షణాలు కనిపించాయి. 2022లో దేశంలోని అనేక కేంద్రాల వైద్యులు కలిసి 43 మంది గురించి ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ముంబయి నివేదికను అంగీకరించలేదు. వారు వాడినది దానిని పోలిన వేరొక జాతి మొక్క కావచ్చునన్నది. కావచ్చు. అయితే పెరట్లో కోసుకునే ఇల్లాలికీ, బజారులో పొడి కొనే గుమాస్తాకూ ఏది ఏ జాతో ఎవరు చెబుతారు? కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత ఇటువంటి వాటికోసమే పుట్టింది.

‘బూస్టర్’ అమ్మేవారిని నేను అడిగేది ఒకటే. మీ పొడి రోగనిరోధక చర్యను నిజంగా ఉద్రేకపరుస్తుందా, లేదా? ఉద్రేకపరచకపోతే డబ్బా మీది మాట అబద్ధం. ఉద్రేకపరుస్తే, కంచే చేను మేసే వ్యాధులతో, అంటే కీళ్ళవాతం, లూపస్, సోరియాసిస్, అల్సరేటివ్ కొలైటిస్ వంటి వాటితో బాధపడేవారికి అది విషం; మార్పిడి చేసిన మూత్రపిండంతో బతుకుతున్నవారికి ఇంకా పెద్ద విషం. ఆ హెచ్చరిక డబ్బా మీద ఎందుకు లేదు? రెండింటిలో ఏది ఒప్పుకున్నా అమ్మకం ఆగిపోతుంది, కనుక ఏదీ ఒప్పుకోరు.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. రెండేళ్ళ క్రితం మా వీధిలో ఉండే ఒక ఉపాధ్యాయురాలు వాచిన చేతులతో వచ్చారు. కీళ్ళవాతానికి ఆరేళ్ళుగా మెథోట్రెక్సేట్ వేసుకుంటూ బాగానే బోర్డు మీద రాసుకునేవారు. ‘ఆ మాత్ర ఇమ్యూనిటీని చంపేస్తుందమ్మా, ఈ పొడి పెంచుతుంది’ అని ఎవరో చెబితే మాత్ర మానేసి ఏడాది పాటు పొడి తాగారు. ఇప్పుడు ఆమె కుడిచేతి వేళ్ళు సుద్దముక్క పట్టుకోలేవు. తిరిగి మందు మొదలయింది, వాపులు తగ్గాయి, వంగిన వేళ్ళు మాత్రం వంగినట్లే ఉన్నాయి. ఆ మాత్ర పుట్టుకలో మన తెలుగువాని చేయి ఉందని చాలామందికి తెలియదు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో నడిపిన ఫోలిక్ ఆమ్ల విరోధుల పరిశోధన నుండి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. కీళ్ళవాతానికి దీనిని వారానికి ఒక్కసారే, తక్కువ మోతాదులో ఇస్తారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఇళ్ళలో ఎవరికయినా ఈ మందు ఉంటే ఏ రోజు వేసుకోవాలో కాగితం మీద రాసి గోడకు అంటించండి.

అయితే తిండికి, రోగనిరోధకానికి సంబంధం లేదా అని పాఠకులు అడగవచ్చు. తప్పక ఉంది. ఆకలితో ఉన్న మనిషి కణాలు సైటోకైన్లను సరిగా తయారు చేయలేవు, వినలేవు. ఝార్ఖండ్‌లో క్షయరోగుల కుటుంబాలకు అదనంగా బియ్యం, పప్పు వంటి ఆహారం ఇచ్చి చూసిన పరిశోధన 2023లో వెలువడింది. అందులో పది వేలకు పైగా కుటుంబ సభ్యులు ఉన్నారు. ఆహారం అందినవారిలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించగల ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. ఇది లోటును పూడ్చడం. కడుపు నిండా తింటున్నవాడు దానిపైన మరొక పొడి మింగితే ఈ ఫలితం రాదు. విటమిన్ సి మీద జరిగిన పరిశోధనలన్నింటినీ కలిపి చూస్తే, రోజూ మింగినా మామూలు మనుషులకు జలుబు రాకుండా ఆగలేదు. వచ్చిన జలుబు పెద్దల్లో సుమారు 8 శాతం తక్కువ కాలం ఉంది, అంటే వారం జలుబులో సగం రోజు. జామకాయ తింటే ఆ విటమిను చవకగా వస్తుంది. టీకా మాట వేరు. అది ఫలానా సూక్ష్మజీవికి సరిపోయే కణాలను మాత్రమే ఎన్నుకుని, వాటికే శిక్షణ ఇస్తుంది. ఊరందరినీ ఆయుధాలతో వీధిలోకి తరమదు. ‘బూస్టర్’ అన్న మాటకు వైద్యంలో న్యాయమయిన ఉపయోగం టీకా అదనపు మోతాదు ఒక్కటే. ఆ మాటను కూడా వ్యాపారులు ఎత్తుకుపోయారు.

ప్రకటనల గురించి మనకు 1954 నాటి చట్టం ఒకటి ఉంది. కొన్ని వ్యాధుల పేర్లు చెప్పి, వాటిని నయం చేస్తామని ప్రకటించడాన్ని అది నిషేధిస్తుంది. మధుమేహాన్ని మాన్పుతాము అంటే దానికి చిక్కుతారు. ‘ఇమ్యూనిటీ’ వ్యాధి పేరు కాదు, కనుక ఆ మాట చాటున ఎంతయినా అమ్ముకోవచ్చు. ఈ సందును పూడ్చమని ప్రభుత్వాన్ని అడగవలసినది ముందుగా మా వైద్యులే. అడగకపోగా, చీటీ చివర ‘బూస్టర్’ రాసే సోదర వైద్యులు ఆ మందు ఏ సైటోకైను మీద, ఏ కణంలో, ఎంతకాలం పని చేస్తుందో రోగికి ఒక వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ వరుస కొట్టివేయాలి. డబ్బాల మీద ఆ మాట తీసివేయడం వెంటనే సాధ్యం కాకపోతే, కనీసం ఎర్ర అక్షరాలతో ఇలా అచ్చు వేయించాలి: కీళ్ళవాతం, లూపస్, సోరియాసిస్, కాలేయ వ్యాధులు ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు. అది అచ్చయ్యేలోగా, మీ ఇంట్లో అటువంటివారు ఉంటే, ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటపుడు పాత చీటీలతో పాటు ఆ పొడి డబ్బాను కూడా సంచిలో వేసుకుని వెళ్ళి వైద్యునికి చూపించండి.